చెక్-ఇన్ కౌంటర్‌లో అన్యాయం జరిగితే: సమస్య, కారణం, పరిష్కారం

ఎయిర్‌లైన్‌కు "మీ స్టాఫ్ చాలా రూడ్‌గా మాట్లాడారు" అని రాస్తే వచ్చే జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం, సిబ్బందికి తగిన సూచనలు ఇస్తాం అంటారు. అక్కడితో ఫైలు మూసేస్తారు. మాట తీరుకు కొలత లేదు కాబట్టి దాన్ని తేలిగ్గా దాటేయవచ్చు. అయితే ఆ దురుసు మాట వెనక ఎప్పుడూ జరగాల్సిన పని ఒకటి ఆగిపోయి ఉంటుంది. బోర్డింగ్ పాస్ ఇవ్వలేదు, వీల్‌చైర్ రాలేదు, రసీదు లేకుండా డబ్బు అడిగారు, కారణం చెప్పకుండా ఆఫ్‌లోడ్ చేశారు, అంటే విమానం ఎక్కనివ్వలేదు. ఫిర్యాదులో ముందు పట్టుకోవాల్సింది ఆ పనిని. అవమానాన్ని దాచుకోమని కాదు నేను చెప్పేది. దాన్ని రెండో వాక్యంలో రాయండి, మొదటి వాక్యంలో రూలు ఎక్కడ తప్పారో రాయండి.

సమస్య: గొడవ ఇప్పుడే జరుగుతోంది, మీరింకా కౌంటర్ దగ్గరే ఉన్నారు

కారణం: కౌంటర్‌లో కూర్చున్న వ్యక్తికి చాలాసార్లు నిర్ణయం తీసుకునే అధికారం ఉండదు. ఒక్కోసారి ఆ వ్యక్తి ఎయిర్‌లైన్ ఉద్యోగి కూడా కాదు, గ్రౌండ్ హ్యాండ్లింగ్ కాంట్రాక్టు సంస్థ మనిషి. వెనక క్యూ, ముందు గడియారం, పైనుంచి ఒత్తిడి. ఆ వ్యక్తితో ఎంతసేపు వాదించినా మీ టైమే పోతుంది.

పరిష్కారం: డ్యూటీ మేనేజర్‌ను లేదా షిఫ్ట్ ఇన్‌చార్జిని పిలవమని అడగండి. గొంతు పెంచకండి. దీనికి మర్యాద ఒక్కటే కారణం కాదు. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2017లో తెచ్చిన నిబంధనల ప్రకారం మాటలతో వేధించినా 'అన్‌రూలీ' (అదుపు తప్పిన) ప్రయాణికుడిగా ముద్ర వేసి మూడు నెలల వరకు, తోపులాటకు దిగితే ఆరు నెలల వరకు విమాన ప్రయాణం నిషేధించవచ్చు. మీ వైపు న్యాయం ఉన్నా, ఒక్క తిట్టు జారితే కథ మొత్తం మీ ప్రవర్తన మీదికి మళ్లుతుంది.

మేనేజర్ వచ్చేలోపు ఫోన్‌లో నాలుగు ముక్కలు రాసుకోండి: టైమ్, కౌంటర్ నంబర్, నేమ్ బ్యాడ్జ్ మీద ఉన్న పేరు, వాళ్లు అన్న మాట ఉన్నది ఉన్నట్టుగా. పక్కన నిలబడ్డ ప్రయాణికుడు సాక్ష్యం చెప్తానంటే ఫోన్ నంబర్ తీసుకోండి. వీడియో తీయడం మీద నాకు అనుమానాలున్నాయి. సెక్యూరిటీ ప్రాంతాల్లో తీయకూడదు. విశాఖలోని ఐఎన్ఎస్ డేగా లాంటి రక్షణ శాఖ ఎయిర్‌ఫీల్డ్‌లలో ఫోటోల మీద నిషేధమే ఉంది. పైగా కెమెరా చూడగానే ఎదుటివాళ్లు మాట్లాడటం మానేస్తారు.

వీడియో కన్నా బలమైన పద్ధతి ఒకటుంది. అక్కడే నిలబడి, ఎయిర్‌లైన్ కస్టమర్ కేర్ ఈమెయిల్‌కో వాట్సాప్ చాట్‌కో ఇలా పంపండి: "నేను ఇప్పుడు ఫలానా కౌంటర్ దగ్గర ఉన్నాను. నా పీఎన్‌ఆర్ ఇది. మీ సిబ్బంది ఈ కారణం చెప్పి బోర్డింగ్ పాస్ నిరాకరిస్తున్నారు. ఇది సరైనదేనా, రాతపూర్వకంగా చెప్పండి." కౌంటర్‌లో రాసి ఇమ్మంటే ఎవరూ ఇవ్వరు. కానీ మీ మెసేజ్ మీద టైమ్ పడుతుంది. వాళ్లు జవాబివ్వకపోతే ఆ మౌనం కూడా తర్వాత మీకు ఆధారమే.

సమస్య: "కౌంటర్ క్లోజ్ అయింది" అన్నారు, మీరు టైమ్‌కే వచ్చారు

కారణం: దేశీయ విమానాలకు చాలా సంస్థలు బయల్దేరే టైమ్‌కు 60 నిమిషాల ముందు చెక్-ఇన్ మూసేస్తాయి. క్యూ పొడవుగా ఉండి మీ వంతు బయల్దేరడానికి 55 నిమిషాల ముందు వస్తే, రికార్డులో మీరు ఆలస్యంగా వచ్చినట్టే. ఇంకో కారణం ఓవర్‌బుకింగ్. సీట్ల కన్నా ఎక్కువ టికెట్లు అమ్మి, అందరూ వచ్చేసరికి ఎవరో ఒకరిని ఆపాల్సి వస్తుంది. అలా ఆపిన మనిషిని 'లేట్', 'నో-షో' (అసలు రాలేదు) అని రాసేస్తే పరిహారం కట్టక్కర్లేదు. అందుకే ఈ రెండు మాటల దగ్గర జాగ్రత్తగా ఉండాలి.

పరిష్కారం: మీరు ఎప్పుడు వచ్చారో చూపించే కాగితాలు మీ దగ్గర ఇప్పటికే ఉంటాయి. ఓఆర్‌ఆర్ టోల్ దగ్గర ఫాస్టాగ్ మెసేజ్, క్యాబ్ బిల్లు, శంషాబాద్‌కు పుష్పక్ బస్ టికెట్, లోపల టీ తాగి యూపీఐలో కట్టిన డబ్బు, వీటన్నిటి మీదా టైమ్ ఉంటుంది. వెబ్ చెక్-ఇన్ ముందే చేసుకుంటే ఇంకో ఆధారం. క్యూ కదలకపోతే మీ వంతు వచ్చేదాకా ఆగకండి. మూసే టైమ్ దగ్గరపడుతోందని ముందుకు వెళ్లి సిబ్బందికి చెప్పండి, క్యూలో ఉన్నానని మెసేజ్ కూడా పెట్టండి.

టైమ్‌కు వచ్చి, కన్ఫర్మ్ టికెట్ ఉండి, సీటు లేదని ఆపితే అది 'డినైడ్ బోర్డింగ్'. డీజీసీఏ నిబంధనలో లెక్క స్పష్టంగా ఉంది. ముందుగా, సీటు వదులుకోవడానికి ఇష్టపడే వాళ్లు ఉన్నారా అని ఎయిర్‌లైన్ అడగాలి. ఎవరూ రాక మిమ్మల్ని ఆపితే, అసలు టైమ్ నుంచి గంట లోపు బయల్దేరే ఇంకో విమానం ఇచ్చినప్పుడు పరిహారం ఉండదు. 24 గంటల లోపు పంపితే ఒకవైపు బేసిక్ ఛార్జీకి రెండింతలు, ఇంధన ఛార్జీ అదనం, మొత్తం 10,000 రూపాయలు దాటకుండా. 24 గంటలు దాటితే నాలుగింతలు, పరిమితి 20,000. వేరే విమానం వద్దనుకుంటే టికెట్ డబ్బు మొత్తం వెనక్కి, దానితోపాటు 20,000 పరిమితిలో నాలుగింతల పరిహారం. దీన్ని వోచర్ రూపంలో ఇవ్వాలంటే మీ సంతకంతో కూడిన ఒప్పుకోలు కావాలి. ఆ హడావుడిలో "ఇదిగో ఇక్కడ సైన్ చేయండి" అంటే చదవకుండా చేయకండి.

ఇది కాగితం మీది రూలు మాత్రమే కాదు. 2022 జూన్‌లో బెంగళూరు, హైదరాబాద్, ఢిల్లీ విమానాశ్రయాల్లో డీజీసీఏ తనిఖీలు చేసి, ఈ పరిహారం సరిగ్గా ఇవ్వనందుకు ఎయిర్ ఇండియాకు 10 లక్షల రూపాయల జరిమానా వేసింది.

సమస్య: "మీ డాక్యుమెంట్లు సరిపోవు" అని ఆఫ్‌లోడ్ చేశారు

గల్ఫ్‌కు వెళ్లే మనవాళ్లు ఎక్కువగా నలిగిపోయేది ఇక్కడే. జగిత్యాల నుంచో కడప నుంచో రాత్రంతా ప్రయాణం చేసి వచ్చి, కౌంటర్ దగ్గర అర్థం కాని ఇంగ్లిష్‌లో "నాట్ అలౌడ్" అని విని, సంచులతో పక్కన నిలబడిపోతారు.

కారణం: సరైన వీసా లేని వ్యక్తిని తీసుకెళితే అవతలి దేశం ఎయిర్‌లైన్‌కే జరిమానా వేస్తుంది, వెనక్కి తెచ్చే బాధ్యత కూడా దానిదే. అందుకే కొంచెం అనుమానం ఉన్నా ఆపేస్తారు. ఏ దేశానికి ఏ పత్రాలు కావాలో చూడటానికి సిబ్బంది 'టిమాటిక్' అనే డేటాబేస్ వాడతారు. చూడకుండా నోటిమాటగా చెప్పారా, చూసే చెప్పారా అన్నది తేల్చుకోవాలి.

పరిష్కారం: "టిమాటిక్‌లో ఏ షరతు దగ్గర ఆగింది? నాకు చూపించండి" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్నతో చాలాసార్లు మాట తీరు మారుతుంది. ఆపింది ఎయిర్‌లైనా, ఇమిగ్రేషన్ అధికారులా అన్నది కూడా స్పష్టంగా తెలుసుకోండి. ఈసీఆర్ పాస్‌పోర్ట్ (కొన్ని దేశాల్లో ఉద్యోగానికి వెళ్లే ముందు ప్రభుత్వ అనుమతి కావాలని ముద్ర ఉన్నది) మీద ఉద్యోగానికి వెళ్తూ ఎమిగ్రేషన్ క్లియరెన్స్ లేకపోతే అది ఎయిర్‌లైన్ తప్పు కాదు, ఆ ఫిర్యాదు నిలబడదు. పత్రాలన్నీ సరిగ్గా ఉండి కూడా ఆపితే, అదే పత్రాలతో తర్వాతి విమానం ఎక్కిన బోర్డింగ్ పాస్ దాచుకోండి. అంతకు మించిన సాక్ష్యం దొరకదు.

సమస్య: వీల్‌చైర్ అడిగితే విసుక్కున్నారు, లేదా రాలేదు

ఈ విషయంలో సర్దుకుపోవద్దని గట్టిగా చెప్తాను. 2024 ఫిబ్రవరిలో ముంబై విమానాశ్రయంలో వీల్‌చైర్ కోరిన 80 ఏళ్ల పెద్దాయన, అది దొరక్క భార్య వీల్‌చైర్ వెంట నడుస్తూ కుప్పకూలి చనిపోయారు. ఎయిర్ ఇండియాకు 30 లక్షల జరిమానా పడింది. 2022 మేలో రాంచీలో ఒక దివ్యాంగ బాలుడిని విమానం ఎక్కనివ్వనందుకు ఇండిగోకు 5 లక్షల జరిమానా వేశారు. ఆ తర్వాత రూలు మార్చారు. వైకల్యం కారణంగా ఎవరినీ ఆపకూడదు. ఆరోగ్యం మీద అనుమానం ఉంటే విమానాశ్రయంలోని డాక్టర్ పరీక్షించి చెప్పాలి, కౌంటర్ సిబ్బంది తేల్చకూడదు.

కారణం: ఎక్కువసార్లు కోరిక టికెట్ రికార్డులోకి ఎక్కదు. ట్రావెల్ ఏజెంట్ మర్చిపోతాడు, యాప్‌లో సేవ్ కాదు. మనం మాత్రం చెప్పాం కదా అనుకుంటాం.

పరిష్కారం: ప్రయాణానికి 48 గంటల ముందే కోరండి. టికెట్ మీద 'డబ్ల్యూసీహెచ్‌ఆర్' లాంటి కోడ్ పడిందో లేదో చూసి, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. కూతురి పురుడుకో, మనవడిని చూడటానికో అమెరికాకు ఒంటరిగా వెళ్లే అమ్మానాన్నల చేతికి ఒక కాగితం ఇవ్వండి. అందులో పీఎన్‌ఆర్, వీల్‌చైర్ కోరిన సంగతి, మందుల వివరం, మాట్లాడగలిగే వాళ్ల ఫోన్ నంబర్ ఇంగ్లిష్‌లో పెద్ద అక్షరాలతో ఉండాలి. వాళ్లకు భాష రాదని కసిరితే, ఆ కాగితం వాళ్ల తరఫున మాట్లాడుతుంది.

సమస్య: ఉన్నట్టుండి డబ్బు అడిగారు

బోర్డింగ్ పాస్ ప్రింట్‌కు కౌంటర్‌లో అదనంగా వసూలు చేయకూడదని పౌర విమానయాన శాఖ 2022 జూలైలోనే చెప్పింది. లగేజీ బరువు మీద అనుమానం ఉంటే ఇంకో తూకంలో వేయమనండి. నిజంగానే ఎక్కువైతే కట్టాల్సిందే, రసీదు మాత్రం వదలకండి. రసీదు లేని డబ్బు గురించి చేసే ఫిర్యాదు గాలిలో మాటే.

సమస్య: ఫిర్యాదు చేశారు, 'చింతిస్తున్నాం' అని జవాబొచ్చింది

కారణం: ఫిర్యాదులో కోపం నిండా ఉంది, అడిగిందేమీ లేదు. రెండు పేజీలు చదివిన మనిషికి ఏం చేయాలో తెలియకపోతే, క్షమాపణ అతికించి పంపేస్తారు.

పరిష్కారం: ఇలా మార్చి చూడండి.

"పీఎన్‌ఆర్ ఫలానా, హైదరాబాద్ నుంచి ఢిల్లీకి, ఉదయం 9.10 విమానం. 7.40కి మీ కౌంటర్ 14 దగ్గర క్యూలో ఉన్నాను. 8.05కి సీట్లు లేవని చెప్పి నాకు బోర్డింగ్ పాస్ నిరాకరించారు. స్వచ్ఛందంగా తప్పుకునేవారు ఉన్నారా అని ఎవరినీ అడగలేదు. నిబంధన గురించి అడిగితే 'ఇష్టమైతే ఆగండి, లేకపోతే వెళ్లండి' అన్నారు. మరుసటి రోజు సాయంత్రం విమానంలో పంపారు. డీజీసీఏ నిబంధన ప్రకారం నాకు రావలసిన పరిహారం, హోటల్ ఖర్చు చెల్లించండి. ఆ మాటలకు రాతపూర్వక క్షమాపణ కోరుతున్నాను. 15 రోజుల్లో జవాబు ఆశిస్తున్నాను. జత: ఫాస్టాగ్ మెసేజ్, హోటల్ బిల్లు, రెండో బోర్డింగ్ పాస్."

ఒక పేరాలో అంతా వచ్చేసింది. తిట్టు లేదు, బెదిరింపు లేదు, తప్పించుకునే సందు కూడా లేదు. ఉద్యోగం తీసేయమని మాత్రం అడగకండి. దానికి ఏ సంస్థా ఒప్పుకోదు, పైగా మీ న్యాయమైన కోరిక దాని కింద పడిపోతుంది.

సమస్య: అసలు జవాబే లేదు

కారణం: మీరు ఆగింది మొదటి మెట్టు దగ్గరే. కస్టమర్ కేర్ పైన నోడల్ ఆఫీసర్, ఆ పైన అప్పిలేట్ అథారిటీ ఉంటారు. వాళ్ల వివరాలు ఎయిర్‌లైన్ వెబ్‌సైట్‌లో ఉండాలి, కానీ పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంటాయి.

పరిష్కారం: పాత రెఫరెన్స్ నంబర్‌తో నోడల్ ఆఫీసర్‌కు, అక్కడా పని కాకపోతే అప్పిలేట్ అథారిటీకి రాయండి. తర్వాత పౌర విమానయాన శాఖ నడిపే ఎయిర్‌సేవ పోర్టల్‌లో నమోదు చేయండి. అక్కడ విభాగం ఎంచుకునేటప్పుడు ఆలోచించండి. డినైడ్ బోర్డింగ్‌ను 'సిబ్బంది ప్రవర్తన' కింద పెడితే మళ్లీ క్షమాపణ దగ్గరికే తిరిగి వస్తారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కూడా ఉంది. సోషల్ మీడియాలో పెడితే జవాబు త్వరగా వస్తుంది, నిజమే, కానీ పీఎన్‌ఆర్, బోర్డింగ్ పాస్ ఫోటో అందరికీ కనిపించేలా పెట్టకండి. వాటితో మీ బుకింగ్‌లోకి ఎవరైనా వెళ్లొచ్చు.

అమెరికాకు వెళ్లే, అక్కడి నుంచి వచ్చే విమానాలైతే అక్కడి రవాణా శాఖ నిబంధన మీకు అండ. రాతపూర్వక ఫిర్యాదు అందినట్టు ఎయిర్‌లైన్ 30 రోజుల్లో చెప్పాలి, 60 రోజుల్లో అసలు జవాబివ్వాలి. యూరోపియన్ యూనియన్ విమానాశ్రయం నుంచి బయల్దేరితే, ఏ దేశపు ఎయిర్‌లైన్ అయినా డినైడ్ బోర్డింగ్‌కు దూరాన్ని బట్టి 250 నుంచి 600 యూరోల వరకు పరిహారం ఉంటుంది.

ఇవేవీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. ఢిల్లీలో గొడవ జరిగినా ఖమ్మంలో వేసుకోవచ్చు. టికెట్ విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు, ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి ద్వారా దాఖలు చేయవచ్చు. ఘటన జరిగిన రెండేళ్ల లోపు వేయాలి. విమానాశ్రయం సీసీటీవీ మాత్రం అన్నాళ్లు ఆగదు, ఫుటేజీని భద్రపరచమని మొదటి వారంలోనే ఎయిర్‌లైన్‌కూ విమానాశ్రయానికీ రాసి పెట్టండి. అమ్మానాన్నల తరఫున మీరు ఫిర్యాదు నడుపుతుంటే, వాళ్ల సంతకంతో ఒక ఆథరైజేషన్ లెటర్ మొదటి ఈమెయిల్‌కే జత చేయండి. లేకపోతే "ప్రయాణికుడితోనే మాట్లాడతాం" అంటూ నెల గడిపేస్తారు.