గ్రీన్‌హౌస్ లాభం నిజంగా చేతికి రావాలంటే

గ్రీన్‌హౌస్‌లో పంట వేస్తే వాన, వడగాలి, పురుగు బెడద తగ్గుతుంది, సీజన్ కాకపోయినా కాపు తీయొచ్చు, అంతా నిజమే, కానీ షెడ్డు వేసి తలుపు మూసేస్తే చాలదండీ.

ముందు వేడి సంగతి చూడండి. టమాటాకి పగలు 21 నుంచి 27 డిగ్రీలు బాగుంటుంది, 35 దాటి అలాగే ఉండిపోతే పుప్పొడి పాడై పూత రాలిపోతుంది. అందుకే కప్పు దగ్గర కిటికీలు తప్పనిసరి, వేడి గాలి పైకే పోతుంది కదా, ఎండ మరీ ఎక్కువైతే షేడ్ నెట్ లాగండి. కిటికీలకి 50 మెష్ వల, అంటే అంగుళానికి 50 కన్నాలుండే వల కడితే తెల్లదోమ చాలావరకు ఆగుతుంది, కాకపోతే అంత సన్న వల గాలిని కూడా ఆపుతుంది కాబట్టి కిటికీలు పెద్దవే పెట్టించండి. పురుగు లోపలికి రాకుండా తలుపులు ఒకదాని వెనక ఒకటి రెండు ఉండాలి, ఒకటి మూశాకే ఇంకోటి తీయాలి.

చాలామంది మర్చిపోయేది పరాగసంపర్కం. లోపల గాలి ఊపదు, తేనెటీగలు రావు, అందుకే టమాటా పూగుత్తుల్ని పొద్దున పూట కాస్త కదపండి, కీరా అయితే పరాగసంపర్కం లేకుండానే కాసే రకం తీసుకోండి, గొడవ వదిలిపోతుంది.

నీళ్లు డ్రిప్‌తోనే, అదీ పొద్దున్నే. సాయంత్రం ఆకులు తడిస్తే రాత్రంతా తేమ నిలిచి బూజు తెగుళ్లు పట్టుకుంటాయి. ఇంకోటి, లోపల వాన పడదు కాబట్టి ఎరువుల ఉప్పు మట్టిలోనే పేరుకుంటుంది, అప్పుడప్పుడు ఉప్పు ఎంతుందో చెప్పే ఈసీ మీటర్‌తో చూసి ఎక్కువైతే మంచినీళ్లు ధారాళంగా వదలండి, ఆ నీళ్లు బయటికి పోయే దారి కూడా ఉండాలి.