లెక్క వచ్చు, ప్రశ్నే అర్థం కాలేదు: నా అనుభవం

మా క్లాసులో ఇంటి భాష వేరైన ఒక పాప ఆటల్లో గలగలా మాట్లాడేది, రాతలెక్క ఇస్తే మాత్రం ఖాళీ కాగితం తిరిగిచ్చేది. శ్రద్ధ లేదనుకున్నాను, అది నా తప్పు. మామూలు మాటలకు సరిపడే భాష సుమారు 2 ఏళ్లలో వస్తుందని, పాఠాల భాషకు 5 నుంచి 7 ఏళ్లు పట్టొచ్చని భాషావేత్త జిమ్ కమిన్స్ ఎప్పుడో చెప్పారు. అందుకే ముందు తన భాషలోనే ఆలోచించి, అదే భాష తెలిసిన తోటి పిల్లతో మాట్లాడుకుని, ఆ తర్వాతే బడి భాషలో రాయమన్నాను. 'చొప్పున', 'మిగిలిన' లాంటి మాటలకు బొమ్మలు గీసి గోడకు అంటించాం (మిగతా పిల్లలకూ బాగా పనికొచ్చాయి). ప్రశ్న అడిగాక వెంటనే ఇంకొకరిని లేపకుండా ఆగడమే నాకు చాలా కష్టమైంది. మూడో వారంలో తనే లేచి బోర్డు మీద లెక్క చేసింది, సగం తన భాషలో, సగం బడి భాషలో వివరిస్తూ. నేను ఆపలేదు.