మానసిక ఆరోగ్య కౌన్సెలింగ్‌లో పీజీ: కోర్సు ఎంచుకునే ముందు అడగవలసిన ప్రశ్నలు

మానసిక ఆరోగ్య కౌన్సెలింగ్‌లో పీజీ చేయాలనుకునేవారు సాధారణంగా విశ్వవిద్యాలయం పేరు, ర్యాంకు, ఫీజు చూసి దరఖాస్తు పెడతారు. అంతకన్నా ముందు కనుక్కోవలసిన సంగతి ఒకటుంది. ఆ కోర్సులో మీరు ఎన్ని గంటలు నిజమైన క్లయింట్ల ఎదుట కూర్చుంటారు, ఆ పనిని ఎవరు, ఎంత శ్రద్ధగా పర్యవేక్షిస్తారు? ఈ వృత్తిలో చదువు పుస్తకంతో మొదలైనా, పట్టు చిక్కేది అనుభవజ్ఞుల కనుసన్నల్లో పనిచేసినప్పుడే.

అసలు ఇది మీకు కావలసిన పనేనా అన్నది మొదట తేల్చుకోండి. సైకియాట్రిస్టు వైద్యపట్టా ఉన్న డాక్టరు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు మానసిక పరీక్షల్లో, రోగనిర్ధారణలో ప్రత్యేక శిక్షణ పొందినవారు. కౌన్సెలరు మాస్టర్స్ స్థాయి శిక్షణతో, ప్రధానంగా సంభాషణ ద్వారానే చికిత్స చేస్తారు. పరీక్షల మీద, పరిశోధన మీద మనసున్నవారు ఈ కోర్సులో చేరి రెండో ఏట చింతించడం కన్నా ముందే దారి మార్చుకోవడం మేలు.

తర్వాత, మీరు పనిచేయదలచుకున్న చోట లైసెన్సు నిబంధనలు ఏమిటో చదివి, వాటికి సరిపోయే కోర్సునే ఎంచుకోండి. అమెరికాలో లైసెన్సు రాష్ట్రాల చేతిలో ఉంది. వర్జీనియా 1976లో అందరికన్నా ముందు చట్టం చేస్తే, కాలిఫోర్నియా అందరికన్నా చివర 2009లో చేసింది. అందువల్ల ఒక రాష్ట్రంలో చెల్లిన డిగ్రీ మరో రాష్ట్రంలో ఒకటి రెండు సబ్జెక్టులు తక్కువై ఆగిపోవచ్చు. కౌన్సెలింగ్ కోర్సుల నాణ్యతను పరిశీలించి గుర్తింపునిచ్చే, 1981లో ఏర్పడిన కేక్రెప్ (CACREP) సంస్థ గుర్తింపు ఉన్న కోర్సులకు ఈ చిక్కు తక్కువ. ఆ సంస్థ ప్రమాణాల ప్రకారం 60 సెమిస్టర్ క్రెడిట్లు, 100 గంటల ప్రాక్టికమ్ (ఇంటర్న్‌షిప్‌కు ముందు జరిగే తొలి ప్రత్యక్ష శిక్షణ), 600 గంటల ఇంటర్న్‌షిప్ ఉండాలి. ప్రాక్టికమ్‌లో 40 గంటలు, ఇంటర్న్‌షిప్‌లో 240 గంటలు నేరుగా క్లయింట్లతోనే గడపాలి.

ఈ గంటల్లో ఏం జరుగుతుందో తెలిస్తే పర్యవేక్షణ విలువ అర్థమవుతుంది. ఒక క్లయింటు, "రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు, అయినా అదేమంత పెద్ద సంగతి కాదులెండి" అన్నారనుకోండి. కొత్త విద్యార్థి వెంటనే, "రోజుకు ఎన్ని గంటలు పడుకుంటున్నారు?" అని అడుగుతాడు. తర్వాత రికార్డింగు వింటున్నప్పుడు సూపర్‌వైజరు అక్కడే ఆపి, "'పెద్ద సంగతి కాదులెండి' అన్న మాటను ఎందుకు వదిలేశారు?" అని అడుగుతారు. తన బాధను తానే తక్కువ చేసి చూపుతున్న ఆ మాట దగ్గరే క్లయింటు మనసు తలుపు కాస్త తెరుచుకుంది. విద్యార్థి దాన్ని దాటి వెళ్లిపోయాడు. అమెరికన్ మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ 1940ల తొలినాళ్లలోనే సెషన్లను రికార్డు చేయించి, మాట మాటా పరిశీలించడం మొదలుపెట్టింది ఇందుకే. కాబట్టి అడ్మిషన్ ఇంటర్వ్యూలో, "మా సెషన్ల రికార్డింగులను సూపర్‌వైజరు స్వయంగా వింటారా, లేక మేము చెప్పింది విని సంతకం చేస్తారా?" అని మొహమాటపడకుండా అడగండి. ఇంటర్న్‌షిప్ స్థలాన్ని కళాశాలే చూపిస్తుందా, విద్యార్థులే వెతుక్కోవాలా అన్నదీ అప్పుడే తేల్చుకోవాలి.

డిగ్రీ చేతికి రాగానే స్వతంత్రంగా పనిచేసే హక్కు రాదు. అమెరికాలో చాలా రాష్ట్రాలు వేల గంటల పర్యవేక్షిత అనుభవాన్నీ, జాతీయ స్థాయి పరీక్షలో ఉత్తీర్ణతనూ కోరుతాయి. ఆ కాలం ఆసుపత్రుల్లోనో, వ్యసన విముక్తి కేంద్రాల్లోనో, సామాజిక క్లినిక్కుల్లోనో, కళాశాల కౌన్సెలింగ్ విభాగాల్లోనో గడుస్తుంది. వృద్ధులతో పనిచేయాలనుకునేవారికి ఈమధ్య కొత్త దారి తెరుచుకుంది: 2024 జనవరి 1 నుంచి అర్హులైన కౌన్సెలర్లు తమ సేవలకు మెడికేర్ (ప్రధానంగా వృద్ధులకు అమెరికా ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా) నుంచి నేరుగా చెల్లింపు పొందవచ్చు. లైసెన్సు వచ్చాక కూడా సొంత ప్రాక్టీసుకు తొందరపడకుండా, సహోద్యోగులున్న చోట కొంతకాలం పనిచేయమనే నేను చెబుతాను.

మొదటి ఉద్యోగంలో చేరేముందు మూడు ప్రశ్నలు వేయండి. వారానికి ఎంతమంది క్లయింట్లను చూడాలి? సూపర్‌విజన్‌కు ఏ రోజు, ఏ గంట కేటాయించారు? క్లయింటు ఆత్మహత్య ఆలోచనలు బయటపెట్టిన సాయంత్రం నేను ఎవరికి ఫోన్ చేయాలి? ఆ మూడో ప్రశ్నకు ఒక మనిషి పేరు జవాబుగా రాకపోతే, జీతం ఎంత బాగున్నా ఆ ఉద్యోగంలో చేరవద్దు.