కొత్త సంపులో సన్న పగుళ్లు వాటంతట అవే పూడుకునేలా చేయడం ఎలా?

కొత్తగా కట్టిన సంపు గోడలో వెంట్రుకంత పగులు కనిపించగానే చాలామంది మేస్త్రిని పిలిపించి సిమెంటు పాలు పూయిస్తారు. అంత తొందర అవసరం లేదు. కాంక్రీటులో వేసిన సిమెంటు మొత్తం నీటితో కలిసి గట్టిపడదు; కొన్ని రేణువుల లోపలి భాగం అలాగే మిగిలి ఉంటుంది. పగులులోకి నీరు చేరితే ఆ మిగులు సిమెంటు మళ్లీ గట్టిపడసాగుతుంది. అదే సమయంలో కాంక్రీటులోని సున్నం నీటిలోకి దిగి, అందులో కరిగి ఉన్న బొగ్గుపులుసు వాయువుతో కలిసి, కాల్షియం కార్బొనేట్‌గా పగులు అంచుల మీద పేరుకుంటుంది.

ముందుగా పగులు వెడల్పు చూడండి. మామూలు జిరాక్సు కాగితం మందం సుమారు 0.1 మి.మీ. ఒక కాగితం అంచు కూడా దూరని పగులు వారం రోజుల్లో, 0.2 మి.మీ. వరకు ఉన్నది మూడు వారాల్లో పూడుకోవచ్చని నీటి ట్యాంకుల ఇంజనీర్లు లెక్కవేసుకుంటారు. మూడు కాగితాలు కలిపి దూరితే నీటి మీద ఆశ పెట్టుకోవద్దు.

తరువాత ఆ పగులు ఇంకా కదులుతోందో లేదో తేల్చుకోవాలి. పలుచని గాజుముక్కను పగులుకు అడ్డంగా పెట్టి, రెండు చివరలనూ ఎపాక్సీ జిగురుతో అంటించి, రెండు వారాలు ఆగండి. గాజు పగిలినా, పగులు వెంట తుప్పు మరక కనిపించినా ఇంజనీరుకు చూపించాలి.

కదలిక లేదని తేలితే పగులును పొడి బ్రష్షుతో దులిపి, రోజుకు మూడో వంతు చొప్పున సంపు నింపండి. పారే నీరు పేరుకుంటున్న సున్నాన్ని కడిగేస్తుంది కనుక ఈ మూడు వారాలూ మోటారు వేయకూడదు. మొదటి కొద్ది రోజులు కాంక్రీటే నీటిని పీల్చుకుంటుంది, ఆ తగ్గుదలను లెక్కలోకి తీసుకోవద్దు. ఆ తరువాత గీత గీసిన బకెట్టులో నీళ్లు పోసి సంపులోనే వేలాడదీయండి. రెండింటిలోనూ నీటిమట్టం ఒకేలా తగ్గితే అది ఆవిరైన నీరే. సంపులో ఎక్కువ తగ్గితే పగులు ఇంకా కారుతున్నట్టు. చివరకు నీరు తోడాక పగులు ఉన్న చోట తెల్లని గీత కనిపిస్తుంది, గోటితో గీకితే గరుకుగా తగులుతుంది. దానిని గీకి తీసేయకండి. ఈ నీటిలో సున్నం దిగి ఉంటుంది కనుక తాగడానికి వాడకూడదు.

కారడం ఆగింది కదా, గోడకు పోయిన బలం కూడా వచ్చేసిందనుకోవడం పొరపాటు. నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచినది ఇదే. తెల్లగా పేరుకున్న కార్బొనేట్ దారి మూస్తుంది గానీ రెండు అంచులనూ పట్టి లాగి ఉంచే శక్తి దానికి తక్కువ. ఆ పని చేసేది ప్రధానంగా మిగులు సిమెంటు నుంచి కొత్తగా పుట్టే జిగురు పదార్థం. లేత కాంక్రీటులో ఆ మిగులు ఎక్కువ కనుక మొదటి వారాల్లో వచ్చిన పగులుకు బలం కొంత తిరిగి వస్తుంది. పాతబడిన గోడలో చాలా తక్కువ.

దీనిని కళ్లారా చూడాలంటే ఒక పాలు సిమెంటు, మూడు పాళ్లు ఇసుకతో స్కేలంత పట్టీలు రెండు పోయండి, లోపల సన్నని ఇనుప జాలి పెట్టండి. వారం తరువాత రెండింటినీ సన్న పగులు వచ్చేదాకా వంచి, ఒకదానిని నీటిలో, మరొకదానిని నీడలో పొడిగా నెల రోజులు ఉంచండి. ఆపై ఒక్కొక్కదాని మధ్యలో బకెట్టు వేలాడదీసి, పగులు మళ్లీ విచ్చుకునే వరకు చెంబుతో నీళ్లు పోస్తూ లెక్కపెట్టండి. నీటిలో ఉన్న పట్టీ ఎక్కువ చెంబులు మోస్తుంది.

0.2 మి.మీ. దాటిన పగుళ్లకు వేరే దారులు వెతికినవారు ఉన్నారు. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయంలో హెంక్ యాంకర్స్ సున్నపురాయిని తయారుచేసే బ్యాక్టీరియా బీజాలను కాంక్రీటులోనే కలిపి, సుమారు 0.8 మి.మీ. వరకు పగుళ్లను పూడ్చి చూపారు. మన సంపుకు మాత్రం తడి అందేదాకా ఏదీ మొదలు కాదు, కనుక పోత పోసిన మర్నాటి నుంచే గోనె పట్టాలు కప్పి తడుపుతూ ఉండండి.