విద్యా రుణం, 4వ పాఠం: ఏ రూపాయి, ఏ తేదీన, ఎటు కదిలింది?

ఈసారి లోన్ మోసాల గురించి చెప్పుకోవాలి. అయితే పోయిన పాఠంలోని లెక్క చాలామందికి తప్పింది. ఆ తప్పును అలాగే వదిలేసి ముందుకు వెళ్తే మోసాల సంగతీ సగమే అర్థమవుతుంది. అందుకే ముందు దాన్ని సరిచేద్దాం.

లెక్క గుర్తుంది కదా. నాలుగేళ్ల బీటెక్‌కు 6 లక్షల లోన్, ఏటా 1,50,000 చొప్పున నాలుగు విడతలు, వడ్డీ 10 శాతం. కోర్సు నాలుగేళ్లు, ఆపైన ఒక ఏడాది మారటోరియం, అంటే ఇఎంఐ కట్టక్కర్లేని కాలం. ఇఎంఐ మొదలయ్యే నాటికి పేరుకున్న వడ్డీ ఎంత?

ఎక్కువ మంది 3,00,000 అన్నారు. ఏడాదికి 60,000, ఐదేళ్లకు మూడు లక్షలు అని వేశారు. నాలుగో ఏడాది ఫీజు మొదటి రోజున బ్యాంకు దగ్గరే ఉంది. బయటికి రాని డబ్బుకు వడ్డీ ఎందుకు పడుతుంది? ప్రతి విడతకు దాని తేదీ నుంచే లెక్క. మొదటి విడత 60 నెలలు నడిచింది, వడ్డీ 75,000. రెండోది 48 నెలలకు 60,000, మూడోది 36 నెలలకు 45,000, నాలుగోది 24 నెలలకు 30,000. మొత్తం 2,10,000.

ఇంకొందరు చక్రవడ్డీ వేసి 2,42,000 దగ్గర తేలారు. ప్రభుత్వ బ్యాంకులు ఎక్కువగా అనుసరించే, బ్యాంకుల సంఘం ఐబీఏ తయారుచేసిన నమూనా పథకంలో చదువుకునే కాలానికీ మారటోరియానికీ బారువడ్డీయే. ఇఎంఐ మొదలయ్యే రోజున మాత్రం పేరుకున్న వడ్డీని అసలులో కలిపేస్తారు. అక్కడి నుంచి 8,10,000 మీద వడ్డీ నడుస్తుంది.

కొందరు సున్నా అని రాశారు. మారటోరియం అంటే వడ్డీ లేని కాలం అనుకున్నారు. అది కట్టక్కర్లేని కాలమే, మీటరు తిరుగుతూనే ఉంటుంది. కేంద్రం వడ్డీ భరించే పథకం కిందికి వస్తేనే ఈ మాట మారుతుంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపు ఉండి, వృత్తి లేదా సాంకేతిక విద్యలో చేరి, మిగతా షరతులూ కుదిరితే చదువు కాలానికీ మారటోరియానికీ పడే వడ్డీ మొత్తం కేంద్రం ఇస్తుంది. 2024 నవంబర్‌లో ఆమోదం పొందిన పీఎం విద్యాలక్ష్మిలో ఆదాయం 8 లక్షల వరకు ఉన్నవారికి, 10 లక్షల లోపు లోన్ మీద, 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. కాలేజీ ఆ పథకం జాబితాలో ఉండాలి. మన లెక్కలో 3 శాతం అంటే 63,000. మిగతా 1,47,000 మీరే కట్టుకోవాలి. రాయితీ మంజూరైందని విని ఊరుకోకండి, స్టేట్‌మెంట్‌లో జమ పడిందో లేదో ఏటా చూడండి.

ఇక ఇఎంఐ. 8,10,000ను పదేళ్లలో తీరిస్తే నెలకు దాదాపు 10,704. మొత్తం కట్టేది 12,84,500. చదువు కాలంలోనే ఏ నెల వడ్డీ ఆ నెల కట్టేస్తే మొదటి ఏడాది నెలకు 1,250, రెండో ఏడాది 2,500, మూడో ఏడాది 3,750, ఆ తర్వాత 5,000. ఆపైన ఇఎంఐ 6 లక్షల మీదే, 7,929. ముందు కట్టిన వడ్డీతో కలిపి మొత్తం 11,61,500. తేడా 1,23,000. అందుకే మొదటి ఏడాది ఆ 1,250 ఎలాగోలా కట్టమంటాను. ఆ తర్వాత కుదరకపోతే ఆపేయొచ్చు, ఎవరూ అడగరు. ఇలా వడ్డీ కట్టేవారికి కొన్ని బ్యాంకులు రేటులో ఒక శాతం వరకు తగ్గిస్తాయి. మీ శాంక్షన్ లెటర్‌లో ఆ వాక్యం ఉందేమో చూడండి. పదిహేనేళ్లకు సాగదీస్తే ఇఎంఐ రెండు వేలు తగ్గి 8,704 అవుతుంది, మొత్తం 15,66,800 దాకా పోతుంది. నాకు పదేళ్లే ఇష్టం.

గుర్తు పెట్టుకోవడానికి: 10 శాతం దగ్గర లక్షకు నెల ఇఎంఐ పదేళ్లయితే 1,322, పదిహేనేళ్లయితే 1,075.

ఈ తప్పులన్నింటికీ మూలం ఒకటే. డబ్బు ఏ తేదీన ఎవరి దగ్గర ఉందో చూడకుండా కాగితం మీది మొత్తాన్ని పట్టుకున్నారు. మోసగాడు చూపించేదీ ఆ మొత్తాన్నే. లోన్ యాప్ తీసుకోండి. 5,000 లోన్ అంటుంది, ఛార్జీలు పోను చేతికి 3,200 వస్తుంది, ఏడో రోజున 5,000 కట్టాలి. 3,200కు వారంలో 1,800 వడ్డీ. మన ఊళ్ల లెక్కలో చెప్పాలంటే నూటికి రూపాయి కాదు, రెండు రూపాయలు కాదు, నెలకు నూటికి 241 రూపాయలు. విద్యా రుణం 10 శాతమంటే నూటికి 83 పైసలు. ఫోన్‌లోని కాంటాక్టులు తీసుకుని బంధువులకు ఫోన్లు చేసి పరువు తీయడం ఈ యాప్‌ల వసూలు పద్ధతి. 2020 చివర్లో హైదరాబాద్‌లో ఈ యాప్‌ల కాల్ సెంటర్లపై పోలీసు దాడులు జరిగాయి. 2022 సెప్టెంబర్‌లో రిజర్వ్ బ్యాంకు డిజిటల్ రుణాల నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం లోన్ యాప్ మీ కాంటాక్టులు, ఫొటోల జోలికి పోకూడదు. అనుమతి అడిగిందంటే అక్కడే తీసేయండి.

ఇప్పుడు అసలు ఉచ్చు. ముందస్తు ఫీజు. దీని దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే చదువుకున్న ఇళ్లే ఇందులో పడుతున్నాయి.

ఎప్‌సెట్ సీటు కేటాయింపు వస్తుంది. ఫీజు కట్టి రిపోర్ట్ చేయడానికి నాలుగైదు రోజులే గడువు. బ్యాంకు మేనేజర్ ఇంకో కాగితం తెమ్మంటాడు. ఆ వారంలోనే ఫోన్ వస్తుంది: "మీ లోన్ శాంక్షన్ అయిందండీ, 8 లక్షలు." వాట్సాప్‌లో బ్యాంకు లోగోతో పీడీఎఫ్. ఫైల్ ఛార్జీ 2,999. కట్టగానే జీఎస్టీ 4,500. తర్వాత ఇన్సూరెన్స్ 8,000, "రీఫండబుల్ అండీ". తర్వాత మొదటి ఇఎంఐ అడ్వాన్స్. మెట్టు మెట్టుకీ అడిగేది పెరుగుతుంది. ఇప్పుడు ఆపితే ఇంతకుముందు కట్టింది పోతుందన్న భయంతోనే తర్వాతిది కడతారు. ఆ భయమే వాళ్ల పెట్టుబడి.

"ముందు ఒక్క రూపాయి కూడా కట్టకండి" అని చాలామంది సలహా ఇస్తారు. ఆ సలహా నాకు నచ్చదు, ఎందుకంటే అది నిజం కాదు. ఇల్లో స్థలమో తాకట్టు పెట్టే లోన్‌కు లాయర్ అభిప్రాయం, ఆస్తి విలువ కట్టడం లాంటి ఖర్చులు లోన్ రాకముందే ఉంటాయి. కొన్ని ఫైనాన్స్ కంపెనీలు దరఖాస్తు దశలోనే ఫీజు తీసుకుంటాయి. ఇవి చూసినవాళ్లు దొంగ ఫీజు కూడా ఇలాంటిదేలే అనుకుంటారు. కాబట్టి చూడాల్సింది కట్టాలా వద్దా అన్నది కాదు, ఎవరి ఖాతాలోకి పోతోంది అన్నది. అసలైన ఫీజు రుణం ఇచ్చే సంస్థ పేరున్న ఖాతాకు వెళ్తుంది, లేదా మీ బ్యాంకు ఖాతా నుంచే తగ్గుతుంది, రసీదు వస్తుంది. లాయర్, వాల్యూయర్ ఎవరో బ్రాంచే చెబుతుంది. యూపీఐలో నంబర్ కొట్టగానే ఒక వ్యక్తి పేరు కనిపించిందా, అక్కడితో ఆపండి. వాళ్లు చెప్పినట్టు అది "మా మేనేజర్ ఖాతా" కాదు. మధ్యలో ఉన్న యాప్‌కూ ఏజెంటుకూ ఇవ్వాల్సిన ఫీజును రుణ సంస్థే భరించాలని, విద్యార్థి నుంచి వసూలు చేయకూడదని కూడా రిజర్వ్ బ్యాంకు డిజిటల్ రుణాల నిబంధనల్లోనే ఉంది. "మా సర్వీస్ ఛార్జీ మాకే వేయండి" అన్న మాట ఒక్కటే చాలు, అది మోసమని తెలియడానికి.

డబ్బు ఎటు వెళ్తుందో కూడా చూడండి. విద్యా రుణంలో ఫీజు సొమ్ము మామూలుగా కాలేజీ ఖాతాకే వెళ్తుంది, అదీ విడతలుగా. మొత్తం 8 లక్షలు మీ ఖాతాలో సాయంత్రంలోగా వేస్తామన్నవాడు విద్యా రుణం ఎలా నడుస్తుందో తెలియనివాడు. ఆ పీడీఎఫ్‌లో విడతల తేదీలు ఉండవు, మారటోరియం ఉండదు, సహ రుణగ్రహీత సంతకం ఉండదు. అమ్మో నాన్నో గార్డియనో సంతకం పెట్టకుండా ఏ బ్యాంకూ ఇంటర్ పాసైన పిల్లవాడికి 8 లక్షలు ఇవ్వదు. 2024 అక్టోబర్ నుంచి రిటైల్ రుణాలకు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ తప్పనిసరి. అన్ని ఛార్జీలూ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో అందులో ఉండాలి. అది పంపమని అడగండి. లెటర్ మీదున్న నంబర్‌కు మాత్రం ఫోన్ చేయకండి, ఎత్తేది వాళ్లే. లెటర్ ప్రింట్ తీసుకుని అందులో పేరున్న బ్రాంచికి నడిచి వెళ్లండి.

డబ్బు పోయిందా, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్. యూటీఆర్ నంబర్ (లావాదేవీ గుర్తింపు సంఖ్య), సమయం, ఎవరి పేరు కనిపించిందో దగ్గర పెట్టుకుని చేయండి. తర్వాత జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు, మీ బ్యాంకుకు రాతపూర్వకంగా సమాచారం. గంటలు గడిచేకొద్దీ సొమ్ము ఖాతాలు మారిపోతుంది. సిగ్గుపడి రేపటికి వాయిదా వేయొద్దు.

అభ్యాసం. ఈసారి కాస్త కష్టం, కాలిక్యులేటర్ పెట్టుకుని కూర్చోండి. ఎంబీఏ లోన్. 2023 ఆగస్టు 10న 3,40,000, 2024 జులై 22న 2,75,000 విడుదలయ్యాయి. వడ్డీ 2025 మార్చి 31 వరకు 10.5 శాతం, ఏప్రిల్ 1 నుంచి 10 శాతం. మారటోరియం 2026 జూన్ 30తో ముగుస్తుంది. 2025 జనవరి 15న 25,000 కట్టారు, బ్యాంకు దాన్ని వడ్డీలో జమ చేసుకుంది. విడత ఇచ్చిన రోజునూ చివరి రోజునూ కలుపుకుని రోజులు లెక్కించండి, లీపు సంవత్సరమైనా 365తోనే భాగించండి. మిగిలిన వడ్డీ 1,30,533 రావాలి. మొదటి విడతకు పాత రేటు నడిచిన రోజులు సరిగ్గా 600 రాకపోతే మిగతాది వేయకండి, రోజులు మళ్లీ లెక్కపెట్టండి.

అది కుదిరాక మీ సొంత లోన్ స్టేట్‌మెంట్ మొదటి విడత నుంచి తీసి ఇదే పద్ధతిలో వేయండి. బ్యాంకు అంకెకూ మీ అంకెకూ వంద రూపాయలకు మించి తేడా ఉంటే ఏ తేదీ దగ్గర మొదలైందో గుర్తించి, బ్రాంచికి కాగితం మీద రాసి ఇవ్వండి. ముద్ర వేయించుకున్న నకలు మీ దగ్గర ఉంచుకోండి. 5వ పాఠంలో ఆ నకలు కావాలి.