ఫ్లష్ ట్యాంక్ కనెక్షన్ పైపు మార్చే ముందు

సంక్రాంతికి తాళం వేసి ఊరెళ్లేలోపు పాత పైపు మార్చేవాళ్లు ఇవి చూసుకోండి.

• యాంగిల్ కాక్‌ను (గోడ నుంచి పైపుకు నీళ్లిచ్చే చిన్న కుళాయి) ఒక స్పానర్‌తో కదలకుండా పట్టుకుని, రెండో స్పానర్‌తో నట్టు విప్పండి. కాక్ తిరిగిందంటే గోడలోపలి ఫిట్టింగ్ విరగొచ్చు. ఇక టైల్స్ పగలగొట్టాల్సిందే.

• నట్టు విప్పే ముందే పైన ఓవర్‌హెడ్ ట్యాంకు వాల్వ్ కట్టేయండి. ఏళ్లుగా తిప్పని కాక్ పూర్తిగా మూసుకోకపోవచ్చు.

• కొత్త పైపు 18 అంగుళాలా, 24 అంగుళాలా? కొలిచి కొనండి. లాగిపెట్టి బిగిస్తే నట్టు దగ్గరే తెగుతుంది.

• ఫ్లష్ ట్యాంకు వైపు ప్లాస్టిక్ మర. చేత్తో బిగించాక పావు చుట్టు చాలు. ఎక్కువైతే సన్నగా చీలుతుంది. అది వెంటనే కారదు, మీరు ఊళ్లో ఉన్నప్పుడు కారుతుంది. బిగించేటప్పుడు ట్యాంకు లోపలి బాల్ వాల్వ్‌ను (నీళ్లు నిండగానే ఆపేది) పట్టుకోండి, తిరిగితే దాని ఫ్లోట్ (నీటిపై తేలే భాగం) ట్యాంకు గోడకు తగలొచ్చు.

• నట్టులో రబ్బరు వాషరుంటే టెఫ్లాన్ టేపు అనవసరం.