గిటార్ మనకి మనమే, 5వ భాగం: ప్లాన్ ఉంది గానీ కూర్చోబుద్ధి కావట్లేదు

పోయిన భాగంలో వారానికి ప్లాన్ రాసుకోమన్నాను కదా, "రోజూ గంట" అని రాసినవాళ్ళు ముందు అది కొట్టేయండి. బెంగళూరు మారతహళ్ళిలో పీజీ, ఎలక్ట్రానిక్ సిటీలో ఆఫీసు, మధ్యలో సిల్క్ బోర్డ్ ట్రాఫిక్, ఇలా ఉంటే గంట అనేది ఆదివారం తప్ప దొరకదు, దొరకనప్పుడల్లా ప్లాన్ తప్పాం అనిపించి కొన్నాళ్ళకి గిటార్ మంచం కిందకి పోతుంది. ఇది బద్ధకం కాదండీ. ప్లాన్‌లో టైమ్ రాశాం, పని రాయలేదు. అలసిపోయి వచ్చాక ఇప్పుడేం వాయించాలి అని ఆలోచించాల్సి వస్తే చెయ్యి ఫోన్ మీదకే పోతుంది.

అందుకే రాత్రి పడుకునేముందే రేపటి పని ఒక్క లైన్లో రాసి పెట్టండి. "కార్డ్స్ ప్రాక్టీస్" అని రాస్తే లాభం లేదు, "సి నుంచి ఎఫ్ మేజర్ సెవెన్, నిమిషం చొప్పున మూడుసార్లు" అని రాయాలి. కార్డ్ అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించే పట్టు, సి, ఎఫ్ మేజర్ సెవెన్ అనేవి వాటి పేర్లు.

ఈ వారం అదే చేద్దాం. సొంతంగా నేర్చుకునేవాళ్ళు చాలామంది మానేసేది ఎఫ్ బార్ కార్డ్ దగ్గరే, ఎందుకంటే మొదటి ఫ్రెట్ (మెడ మీద లోహపు గీతల మధ్య గడి) నట్‌కి, అంటే మెడ చివర తీగలు ఆనే పట్టీకి, ఆనుకుని ఉంటుంది, అక్కడ ఒక్క వేలితో ఆరు తీగలూ నొక్కడం నిజంగానే కష్టం. దాన్ని కొన్నాళ్ళు పక్కన పెట్టి బదులుగా ఎఫ్ మేజర్ సెవెన్ పట్టుకోండి, తప్పేం లేదు. ముందు సి కార్డ్ పట్టుకోండి, తీగల లెక్క సన్న తీగ నుంచి. చూపుడు వేలు రెండో తీగ మొదటి ఫ్రెట్ మీద ఉంది కదా, దాన్ని కదపొద్దు. మధ్య వేలిని నాలుగో తీగ నుంచి మూడో తీగకి, ఉంగరం వేలిని అయిదో తీగ నుంచి నాలుగో తీగకి జరపండి, ఫ్రెట్లు మారవు. సన్న తీగ ఓపెన్ (నొక్కకుండా వాయించాలి), లావు తీగలు రెండూ వాయించొద్దు. ఇదే ఎఫ్ మేజర్ సెవెన్.

ఫోన్లో 60 సెకన్ల టైమర్ పెట్టి ఒక కార్డ్ నుంచి ఇంకోదానికి ఎన్నిసార్లు మారారో లెక్కపెట్టి తేదీతో రాసుకోండి. ఇరవై వచ్చినా పన్నెండు వచ్చినా రాయండి, ఎవరికీ చూపించక్కర్లేదు. పాట ఎప్పుడొస్తుందో అని చూస్తూ కూర్చుంటే నెలలు పడుతుంది, నీరసం వస్తుంది, ఈ అంకె మాత్రం వారంలోనే కదులుతుంది, మళ్ళీ కూర్చోవాలనిపించేది దాన్ని చూసే. తీగ శుభ్రంగా మోగకుండా బర్రుమంటే ఆ మార్పు లెక్కలోకి రాదు, నిజాయితీగా ఉందాం.

ఒకరోజు తప్పితే నిన్నటి బాకీ ఇవాళ కలపొద్దు. అలా కలుపుకుంటూ పోతే శనివారానికి వడ్డీతో సహా మీద పడుతుంది, అప్పుడు కూర్చోవడమే మానేస్తాం.

గిటార్‌ని బ్యాగ్‌లోంచి తీసి కంటికి కనపడేచోట పెట్టండి, ఎండ తగలకుండా. రూమ్మేట్ పడుకున్నాడా, బ్రిడ్జ్ (గిటార్ ఒంటి మీద తీగలు బిగించే చోటు) దగ్గర తీగల కింద మడతపెట్టిన కర్చీఫ్ దూర్చండి, శబ్దం బాగా తగ్గుతుంది. వేళ్ళ చివర్లు మండటం మొదట్లో మామూలే, మణికట్టు నొప్పి పుడితే మాత్రం ఆపేయండి.

వచ్చే భాగంలో మెట్రోనోమ్ (టిక్ టిక్‌మని తాళం చెప్పేది) నిమిషానికి 60 బీట్ల మీద పెట్టి ఇవే రెండు కార్డ్స్‌ నాలుగేసి బీట్లు వాయిద్దాం. మీరు రాసుకున్న అంకెలు దగ్గర పెట్టుకుని రండి.